చెక్క గేటు: మరమ్మతు, మార్పు

ప్రహరీ ద్వారానికి బిగించిన బరువైన చెక్క గేటు వాలిపోయినప్పుడు తక్కువ ఖర్చుతో దాన్ని నిలబెట్టే, లేదా మార్చే పద్ధతులు.

ఘనపు మీటరు ఎండు టేకు సుమారు 650 కిలోలు తూగుతుంది. మీటరున్నర చదరం, 4 సెంటీమీటర్ల మందం ఉన్న రెక్క దాదాపు 58 కిలోలు. రెండు బందుల మధ్య ఎడం 1.2 మీటర్లయితే పై బందును గోడ నుంచి ఊడలాగే బలం సుమారు 36 కిలోల బరువుతో సమానం. అందుకే పై బందు మరలే ముందు వదులవుతాయి. గేటు కొస ఒరుసుకుని గచ్చు మీద విల్లులా తెల్లటి గీత పడుతుంది.

ఆ గీత చూడగానే అడుగు చెక్కను చిత్రిక పట్టించడం పొరపాటు. వాలు అలాగే ఉంటుంది, కొత్త కోతలోంచి వాననీరు ఎక్కుతుంది. మరలు తీసి ఆరపార బోల్టులు వేయాలి. కింది బందు మూల నుంచి ఎదుటి పై మూలకు ఏటవాలు బద్ద కొట్టాలి. బద్దకు బదులు ఇనుప తీగ వాడితే దిశ తిరగబడుతుంది: పై బందు మూల నుంచి ఎదుటి కింది మూలకు. కొసకు చక్రం చదునైన గచ్చు ఉన్నచోటే పనికొస్తుంది.

రోజూ మనుషులే నడిచే ఇంట్లో రెక్కలోనే చిన్న దిడ్డి తలుపు కోయించుకోవడం మేలు; పెద్దవాళ్లకు పెద్ద గేటు తోసే బాధ తప్పుతుంది. చెదలు తిన్న గేటును మార్చక తప్పదు. స్తంభాలు గట్టిగా ఉంటే వాటినే ఉంచి, ఇనుప చట్రానికి రేకు వేయించవచ్చు. అంతే కొలతకు 1 మిల్లీమీటరు రేకు సుమారు 18 కిలోలే. చెడని టేకు పలకలను పాత కలప దుకాణాలు కొంటాయి.