ఐదో కాంటూరుకు ఎగువన: కొల్లేటి రక్షణలో చట్టం, నీరు

కొల్లేటి లంకల్లో ఐదో కాంటూరు తెలియని మనిషి ఉండడు. సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తున్న ఆ గీత వరకు ఉన్న 308 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని 1999 అక్టోబరు 4న జీవో 120 వన్యప్రాణి అభయారణ్యం చేసింది. ఆధారం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం. గీత లోపల చేపల చెరువు తవ్వకూడదు. మావులతో, వలలతో సాగే సంప్రదాయ వేటకు మాత్రం అడ్డు లేదు.

అంతకు ముందు కథ వేరు. 1976లో సహకార సంఘాల పేరిట సరస్సు గర్భంలో చెరువులు తవ్వించింది ప్రభుత్వమే. తర్వాత లీజుదారులు దిగారు, గట్లు విస్తరించాయి. సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ జోక్యంతో 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ మొదలై, పొక్లెయిన్లు ఆ గట్లను తెంచాయి. తవ్వమన్నదీ పూడ్చమన్నదీ ఒకే సర్కారు కావడం లంక గ్రామాల వాళ్లకు మింగుడు పడలేదంటే వింత లేదు. జిరాయితీ భూముల పరిహారం మాట ఏళ్ల తరబడి నలిగింది.

2008లో శాసనసభ అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు, అంటే దాదాపు 135 చదరపు కిలోమీటర్లకు కుదించాలని తీర్మానించింది. పాత చట్టమే ఉంటే ఆ తీర్మానంతో పని జరిగిపోయేది. 26-ఎ సెక్షన్ ప్రకారం హద్దు మార్చడానికి అప్పట్లో శాసనసభ తీర్మానం చాలు. 2003 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ఆ మాట తీసేసి, జాతీయ వన్యప్రాణి మండలి సిఫారసు తప్పనిసరి చేసింది. కొల్లేటిని కాపాడిన నిబంధనల్లో జనానికి అంతగా తెలియనిది, బహుశా అన్నింటికంటే బలమైనది ఇదే. కేంద్రం నియమించిన అజీజ్ కమిటీ కూడా కుదింపు వద్దనే చెప్పింది.

పక్షుల లెక్క ఇంత సూటిగా నడవదు. 1946లో కె.కె. నీలకంఠన్ ఈ ప్రాంతంలో సుమారు 3,000 గూడబాతులు గూళ్లు కట్టుకున్న స్థావరాన్ని వెలుగులోకి తెచ్చారు. 1975 ప్రాంతంలో అది ఖాళీ అయింది. అంటే సర్కారు చెరువుల కంటే ముందే! తప్పంతా చేపల చెరువులదే అనే వాదనకు ఈ తేదీ అడ్డొస్తుంది. ఇప్పుడు కైకలూరు దగ్గర ఆటపాకలో గూడబాతులు అటవీ శాఖ నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీద పిల్లల్ని పెంచుతున్నాయి.

ఈ చట్టాలన్నీ అడుగున ఉన్న సరస్సునే చూశాయి. దానికి నీళ్లొచ్చేది మెట్ట నుంచి. చింతలపూడి మండలంలో, నాగిరెడ్డిగూడెం దగ్గర తమ్మిలేరుకు జలాశయం కట్టారు. అక్కడి నుంచి ఏరు దిగువకు వచ్చి, ఏలూరును తాకి, ఊరి మురుగునూ కలుపుకొని కొల్లేట్లో పడుతుంది. బుడమేరు విజయవాడ వైపు నుంచి తన వంతు తెస్తుంది. మెట్టలో ఆయిల్ పామ్ తోటలు బోర్ల మీద బతుకుతున్నాయి. ఆ బోర్లకు 2002 నాటి వాల్టా చట్టం ఉంది, మురుగుకు 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం ఉంది. అభయారణ్యం చూసే రేంజర్‌కు ఈ రెండింటిలోనూ చెయ్యి లేదు.

2002లో కొల్లేరు రామ్‌సర్ జాబితాకెక్కినప్పుడు గుర్తించిన విస్తీర్ణం 901 చదరపు కిలోమీటర్లు. 2017 నాటి చిత్తడి నేలల నిబంధనలు రామ్‌సర్ ప్రాంతాలకు వర్తిస్తాయి గానీ, వన్యప్రాణి చట్టం కిందికి వచ్చే భాగాన్ని మినహాయిస్తాయి. దాంతో ఒకే సరస్సు రెండు చట్టాల కిందికి చీలింది: 308 ఒక దానికి, మిగిలిన 593 మరో దానికి. వరదనీటికి ఈ పంపకం పట్టదు.

ఎగువ నీరు తగ్గిన వేసవిలో, సరస్సును సముద్రంతో కలిపే ఉప్పుటేరు వెంట సముద్రపు నీరు సరస్సు వైపు ఎగదన్నుతుంది. దాన్ని ఆపేందుకు రెగ్యులేటర్లు కట్టాలన్న ప్రతిపాదన జలవనరుల శాఖ దగ్గర నలుగుతుంటే, ఉప్పు తగిలిన చేపల సంగతి మత్స్యశాఖ చూడాలి, వాటిని తినే పక్షుల సంగతి అటవీ శాఖ చూడాలి.