ఒంటి నక్షత్రం కథలు

క్రైస్తవ మిషనరీల చరిత్ర చాలావరకు ఉత్తరాల చరిత్ర. దూరదేశంలో పనిచేసే మనిషి జాబు రాయాలి. అది ఓడెక్కి స్వదేశం చేరాలి. పత్రికలో అచ్చు కావాలి. చదివినవారు చందాలు పంపాలి. కథ ఆగితే డబ్బు ఆగేది, డబ్బు ఆగితే పని ఆగేది. ఆనాటి పత్రికలూ పుస్తకాలూ ఎన్నో ఇవాళ అంతర్జాలానికి ఎక్కాయి. దానివల్ల మనకేం ఒరిగిందో చెప్పడానికి నెల్లూరు, ఒంగోలు కథ ఒక్కటి చాలుననుకుంటాను.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. ఏళ్ళు గడిచినా మతం పుచ్చుకున్నవారు వేళ్ళమీద లెక్కపెట్టేటంతమందే. 1853లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీలో జరిగిన సభలో ఈ మిషనును మూసివేయడమా, మానడమా అన్న చర్చ నడిచింది. పటంమీద ఒంటరిగా కనబడే నెల్లూరును ఒంటి నక్షత్రమన్నారు. అమెరికా దేశభక్తి గీతం రాసిన శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ రాత్రికి రాత్రే దానిమీద ఒక పద్యం అల్లాడు. మిషను నిలిచింది. నెల్లూరు ముఖం చూడని మనుషులు ఒక పద్యం విని నెల్లూరు భవిష్యత్తు తేల్చారన్నమాట.

ఆ తరువాత వచ్చినవాడు జాన్ క్లౌ. 1866లో ఒంగోలు చేరాడు. 1876-78 నాటి ధాత కరువులో బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం గుత్తకు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. కూటికోసం మతం మారారన్న మాట రాకూడదని, కరువు పనులు సాగుతున్నన్నాళ్ళూ బాప్తిస్మం ఇవ్వలేదు. పనులు ముగిశాక, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ అంకె అమెరికా చర్చిలలో మారుమోగింది.

అంకెతోపాటు క్లౌ పేరూ మోగింది. కానీ ఆనాడు నీళ్ళలో నిలబడి బాప్తిస్మమిచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున, వంతులవారీగా.

ఇంటర్నెట్ ఆర్కైవులో రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టుకుని చదవవచ్చు. ఒకటి క్లౌ చెప్పగా ఆయన భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ రాసి 1914లో ప్రచురించిన జీవితకథ. రెండోది 1899లో ఆమే మాదిగ పెద్దల జ్ఞాపకాలు సేకరించి వేసిన 'వైల్ సోయింగ్ శాండల్స్'. రెండూ కలిపి చదివితే కథకు కేంద్రం జరుగుతుంది. తోళ్ళ వ్యాపారం చేస్తూ, రాజయోగం సాధన చేస్తూ ఉండిన యెర్రగుంట్ల పేరయ్య ముందుకు వస్తాడు. క్లౌ ఒంగోలుకు మకాం మార్చిన ఆ 1866లోనే ఆయన బాప్తిస్మం పొందాడు. ఊరూరా తనవాళ్ళకు ఈ మాట చేరవేసింది ఆయనే. దొర రాకముందే ఆ మనుషులకు వెతుకులాట ఉంది, గురువులున్నారు, ఆలోచన ఉంది. సాయం అందుకునే చేతులుగా మాత్రమే చూసిన కంటికి అదేదీ కనబడదు.

ఒకప్పుడు ఈ పుస్తకాలు చూడాలంటే విదేశీ గ్రంథాలయాల గడప తొక్కవలసిందే. ఇప్పుడు ఒంగోలులో ఉన్న పేరయ్య మునిమనుమడూ, అమెరికాలో ఉన్న దాత మునిమనుమరాలూ ఒకే పుట తెరవగలరు. ఇది చిన్న సంగతి కాదు.

అయితే ఒక చిక్కుంది. వెల్లంపల్లి ఆ పుటల్లో వెలుంపిల్లి, పేరయ్య పెరియా. ఇంగ్లీషువాడి చెవికి వినబడినట్లు రాసిన పేర్లను తెలుగు లిపిలో వెతికితే ఏ పుటా పలకదు. పెద్దలు తెలుగులో చెప్పిన మాటలు మనకు ఇంగ్లీషులో దొరుకుతున్నాయి. కథ సముద్రం దాటి వెళ్ళి మళ్ళీ వచ్చింది గానీ, వెళ్ళిన భాషలో రాలేదు.

ఆ లోటు తీర్చవలసింది మనమే. పల్లె చర్చిల పాత రిజిస్టర్లు, సమాధిరాళ్ళమీది పేర్లు, అవ్వలు చెప్పే కరువు కథలు ఉన్నచోట వాటిని తెలుగు అక్షరాల్లోనే ఎక్కించాలి. ఆ ఆరుగురు బోధకుల పేర్లు తెలుగులో వెతికినవారికి తెలుగులోనే దొరకాలి. బోస్టన్ పత్రికలు తమ పాఠకులకోసం రాసుకున్నాయి, అందులో తప్పులేదు. మన పాఠకులకోసం ఎవరు రాస్తారన్నదే ప్రశ్న.