తారీఖు ఉంది, తారీఖ్ లేదు

తెలుగులో తారీఖు అంటే తేదీ. ఉర్దూలో తారీఖ్ అంటే తేదీ, చరిత్ర కూడా. రెండు భాషల్లో బతికే మేము ఈ తేడాను చిన్నప్పటి నుంచీ మోస్తూనే ఉన్నాం. మా గురించిన తేదీలు సర్కారు కాయితాల్లో దొరుకుతాయి. మా చరిత్ర దొరకదు.

మాది జక్రాన్‌పల్లి. ఆర్మూరు పక్కన, పసుపు పండే నేల. పోలీస్ యాక్షన్ ఎప్పుడయింది దాదీమా అని అడిగితే మా ఇళ్ళల్లో ఎవరూ 1948 సెప్టెంబర్ 13 అని చెప్పలేదు. 'హల్దీ కమర్ తక్ ఖడీ థీ బేటా' అనేవాళ్ళు. పసుపు చేను నడుమెత్తు ఉండెనని. తొలకరికి నాటిన పసుపును సంక్రాంతి ముందూ వెనకా గాని తవ్వరు. నడుమెత్తు చేను అంటే వానలు వెనకబట్టే రోజులే. దాదీమా లెక్క తప్పలేదు. కాని ఆ జవాబును కంప్యూటర్‌లో ఏ గడిలో రాస్తారు?

మత ఘర్షణలను గడుల్లో పేర్చిన పెద్ద పెద్ద జాబితాలు ఇవాళ ఉన్నాయి. తేదీ, ఊరు, రాష్ట్రం, చనిపోయినవాళ్ళెందరు, గాయపడ్డవాళ్ళెందరు, కారణమేమిటి. ఈ పని కొత్తదేం కాదు. మొగలుల కాలంలో ఎక్కడ ఏం జరిగిందో రాసి దర్బారుకు పంపే వాఖియా నవీసులుండేవాళ్ళు. ఠాణాలో రోజ్‌నామ్‌చా ఉండేది. ఫిర్యాదు, దాఖలా, రుజువు, వకాలతు - ఈ మాటలు లేకుండా ఇవాళ్టికీ తెలుగువాడు కోర్టు మెట్లెక్కలేడు. ఇంకో మాట ఉంది. ఉర్దూలో ముద్దయీ అంటే ఫిర్యాదు చేసినవాడు. తెలుగులోకి వచ్చేసరికి ముద్దాయి అంటే నేరం మోపబడ్డవాడు. ఫిర్యాదుదారు ముద్దాయి కావడమనేది మాకు మాటలోనే మొదలయింది.

జాబితాల్లో పేరున్నది అశుతోష్ వార్ష్నే, స్టీవెన్ విల్కిన్‌సన్ తయారుచేసింది. టైమ్స్ ఆఫ్ ఇండియా బొంబాయి ఎడిషన్‌ను ముందు పెట్టుకొని 1950 నుంచి 1995 దాకా జరిగిన హిందూ ముస్లిం ఘర్షణలను ఒక్కొక్కటిగా ఏరి రాశారు. ఎంతో ఓపికతో చేసిన పని. దాని ఆధారంగానే వార్ష్నే 2002లో ఒక పుస్తకం వేశాడు. చావుల్లో దాదాపు సగం ఎనిమిది నగరాల్లోనే జరిగాయని, అందులో హైదరాబాద్ ఒకటని, పల్లెల వాటా నూటికి నాలుగు కూడా లేదని తేల్చాడు. పల్లె కలిసి బతికిందంటే మాకంటే సంతోషించేవాళ్ళెవరు? అయితే పత్రికల్లో పనిచేసేవాళ్ళం గనక మాకు ఇంకో సంగతీ తెలుసు. పల్లెలో ఒక కొట్టం కాలితే ఆ వార్త మండలం దాటి జిల్లా పేజీకెక్కడమే కష్టం. బొంబాయి పత్రికకు చేరేదెంత? అచ్చు కానిది జరగనట్టేనా?

అంతకంటే పెద్ద సంగతి, ఆ జాబితా మొదలయ్యేదే 1950లో. 1948 దాని గడప బయటే నిలబడి ఉంది.

1948 లెక్క వేరే చోట ఉంది. నెహ్రూ ప్రభుత్వం పంపిన పండిత్ సుందర్‌లాల్ బృందం ఆ ఏడాది నవంబర్ 29 నుంచి డిసెంబర్ 21 దాకా హైదరాబాద్ సంస్థానంలో తిరిగింది. 'పయామ్' ఉర్దూ పత్రిక నడిపిన ఖాజీ అబ్దుల్ గఫ్ఫార్ అందులో ఉన్నారు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ - ఈ నాలుగు జిల్లాల్లోనే 18 వేలకు తక్కువ కాకుండా చనిపోయారని, ఔరంగాబాద్, బీడ్, నల్లగొండ, మెదక్‌లలో కనీసం 5 వేలమందని, మొత్తం సంస్థానంలో 27 వేల నుంచి 40 వేల దాకా అని ఆ బృందం అంచనా కట్టింది. ఆ నివేదికను సర్కారు అచ్చు వేయలేదు. దశాబ్దాలు గడిచాక, 2013లో ఎ.జి. నూరానీ పుస్తకంతోనే అది అందరి చేతికీ అందింది.

పైన చెప్పిన ఎనిమిది పేర్లలో నిజామాబాద్ లేదు. మా జిల్లావాళ్ళు ఎవరైనా పోయి ఉంటే వాళ్ళు ఆ 'మొత్తం' అనే మాటలో కలిసిపోయారు.

ఇప్పుడు ఆ ఎనిమిది జిల్లాలను వెతకండి. ఉస్మానాబాద్ లేదు, 2023 నుంచి ధారాశివ్. ఔరంగాబాద్ ఛత్రపతి శంభాజీనగర్ అయింది. గుల్బర్గా 2014 నుంచి కలబురగి. కొన్ని మహారాష్ట్రలో, కొన్ని కర్ణాటకలో, నల్లగొండ, మెదక్ తెలంగాణలో. ఒక్క దుఃఖం మూడు రాష్ట్రాల పాలయింది. మా జక్రాన్‌పల్లి అంగుళం కదలకుండానే 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో, 2014 దాకా ఆంధ్రప్రదేశ్‌లో, ఆ తర్వాత తెలంగాణలో ఉంది. జాబితాను కాపాడేవాడు కొత్త పేరు పక్కన పాత పేరునూ ఉంచకపోతే మా చావులకు చిరునామా కూడా మిగలదు.

ఇంతవరకూ మేం ఇతరులను అడిగాం. ఇక మమ్మల్ని మేం అడగాలి. 1948 ఆగస్టులో హైదరాబాద్‌లో 'ఇమ్రోజ్' పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను రజాకార్లు నరికి చంపారు. సంస్థానం భారతదేశంలో కలవాలని ఉర్దూలో రాసిన ముసల్మాను ఆయన. హిందూ, ముస్లిం అని రెండే గడులున్న కాయితంలో ఆయన్ను ఎక్కడ రాస్తారు? అదే ఆగస్టులో బైరాన్‌పల్లిలో రజాకార్ల తుపాకులకు కూలిన రైతులను వదిలేసి మా జాబితా మొదలవుతుందా? వాళ్ళను వదిలేస్తే మేము లెక్క రాయడం లేదు, వకాలతు రాస్తున్నాం. రజాకార్ల పాపాన్ని సెప్టెంబర్ తర్వాత ఏ నేరమూ చేయని పల్లె ముసల్మాను మీద రుద్దడం ఎంత అన్యాయమో, ఆ పాపాన్ని మా పుస్తకంలోంచి కొట్టేయడమూ అంతే అన్యాయం.

ఆన్‌లైన్ వచ్చాక అన్నీ భద్రమనుకున్నాం. 2018లో ఫ్యాక్ట్‌చెకర్ సంస్థ మత ద్వేష నేరాల జాబితా ఒకటి మొదలుపెట్టింది. దాని పద్ధతి మీద విమర్శలూ వచ్చాయి. రావాల్సిందే. జవాబు చెబుతూ దిద్దుకుంటూ పోతేనే జాబితా నిలబడుతుంది. కాని 2019 సెప్టెంబర్‌లో దాన్ని మొత్తంగానే తీసేశారు. ఆ తర్వాతి నెలలో జాతీయ నేర రికార్డుల బ్యూరో 2017 నివేదిక వచ్చింది. మూక హత్యల లెక్క సేకరించారు గాని అందులో అచ్చు వేయలేదు. నమ్మదగ్గట్టు లేదన్నారు. చెదపురుగు రోజ్‌నామ్‌చాను ఏళ్ళ తరబడి తింటుంది. కంప్యూటర్ జాబితాకు ఒక్క రాత్రి చాలు.

ఎఫ్‌ఐఆర్‌లను 24 గంటల్లో పోలీసుల వెబ్‌సైట్‌లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. సున్నితమైన కేసులను మినహాయించింది. మంచి తీర్పే. కాని వెతికేవాడికి ఠాణా తెలియాలి, తేదీ తెలియాలి, పేరు ఎట్లా రాశారో తెలియాలి. మొహమ్మద్, మహమ్మద్, మహ్మద్, ఎండీ. ఒకే మనిషి నలుగురవుతాడు. నలుగురు మనుషులు ఒక్కరవుతారు.

అందుకే మేము అనేదేమిటంటే, మా ఊరి లెక్క మేమే రాసుకోవాలి. రెండు భాషల్లో రాయాలి. ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో రాయాలి. విన్నది విన్నట్టు, చూసింది చూసినట్టు వేరువేరుగా ఉంచాలి. రెండు పత్రికల్లో వచ్చిన ఒకే చావును రెండుసార్లు లెక్కపెట్టకూడదు. పుకారుతో సంఖ్య పెంచితే నిజంగా పోయినవాళ్ళకే ద్రోహం. తప్పు దొరికితే చెరిపేయకుండా పక్కన దిద్దాలి. చంపినవాడు మావాడైనా రాయాలి. పొరుగువాళ్ళను దాచి కాపాడిన ఇంటికీ ఒక గడి ఉండాలి. ఏ పెద్ద జాబితాలోనూ ఆ గడి మేం చూడలేదు.

తేదీ గడిలో ఏం రాయాలంటారా? 1948 సెప్టెంబర్ అని రాద్దాం. దాని పక్కనే, పసుపు చేను నడుమెత్తు ఉండె అని కూడా రాద్దాం.