రోజూ నాలుగు మాటలు

మన చరిత్ర పాటల్లో ఉంది. ప్రధాన్లు, తోటీలు కిక్రి వాయిస్తూ గోత్రాల కథలను తరతరాలుగా మోసుకొచ్చారు. కానీ ఏ ఏడు, ఏ తేదీన ఏం జరిగిందో పాట చెప్పదు. దానికి కాగితం కావాలి.

1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరిగాక, ఆదిలాబాద్ గోండుల పరిస్థితి తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయిలో ఉండి, చూసినవీ విన్నవీ డైరీల్లో రాసుకున్నాడు. ఆ డైరీలు ఇప్పుడు లండన్‌లో ఉన్నాయి. మన తాతల రోజులు తెలుసుకోవాలంటే ఆయన రాతే చూడాలి. ఆయన చేసిన మేలును కాదనను. అయినా ఆయన కంట పడ్డవే ఆయన కాగితం మీదికి వచ్చాయి.

1943లో అదే మార్లవాయిలో గోండు యువకులకు పంతుళ్ల శిక్షణ మొదలైంది. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు తయారయ్యాయి. నేను చదివిన ఉపాధ్యాయ శిక్షణకు వేరు అక్కడే ఉంది. ఆ మొదటి పంతుళ్లు బడి తెరిచిన రోజును వాళ్ల మాటల్లోనే చదవాలని నాకెంతో ఆశ.

రాసుకోకపోతే ఏమవుతుందో మా ఇంట్లోనే చూశాను. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం పోడు పట్టాకు 2005 డిసెంబరు 13కు ముందు నుంచి సాగులో ఉండాలి. "ఎప్పటి నుంచి దున్నుతున్నావు?" అని మా నాన్నను అడిగారు. "మా చెల్లె పెళ్లయిన ఏటి నుంచి" అన్నాడు. అది నిజమే. కానీ ఫారంలో రాసే ఏడు కాదు. ఊరి పెద్దలు చెప్పింది రాసిపెట్టినా సాక్ష్యమేనని మాకు తెలిసేసరికి చాలా ఆలస్యమైంది. డైరీ ఒక్కటే పట్టా తేదు. కానీ అడిగినప్పుడు తడబడకుండా ఏడు చెప్పిస్తుంది.

అందుకే మా బడి పిల్లలకు ఒక నోటుబుక్కు పెట్టించాను. పైన తేదీ, కింద నాలుగు మాటలు. వాన పడిందా? ఏ చేను దున్నారు? అంగట్లో పత్తి ధర ఎంత? ఎవరింట్లో బిడ్డ పుట్టింది? తప్పులు దిద్దను. గోండిలోనో కొలామీలోనో తెలుగు అక్షరాలతో రాసినా సరే అంటాను.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, తోటి పంతుళ్లారా! ఇంట్లో పెద్దవాళ్లు ఉండగానే వాళ్లను అడిగి రాయండి. మన రోజులు మన చేతిరాతలో ఉండాలి. ఈ రాత్రే తేదీ వేసి మొదలుపెట్టండి.