రాగి బాయిలరు, మట్టికుండ: మన కల్లు వెనక చరిత్ర



మేం నక్కపల్లిలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్న కొండ పిల్లలం. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. మొన్న పండక్కి ఊరెళ్తే ఒక మాట విన్నాం. పాతసామాన్ల కొట్టులో నీళ్లు కాచే రాగి బాయిలరు తూకానికి దొరికిందంట, ఇక మట్టికుండ ఎందుకు, ఇప్పసారా అందులోనే కాద్దామంట. కుర్రోళ్లు సరే అన్నారు, పెద్దోళ్లు వద్దన్నారు. హాస్టల్‌కొచ్చాక రెండు రాత్రులు దీనిమీదే వాదించుకున్నాం. వాదన చరిత్రలోకి వెళ్లింది.

జీలుగుకల్లు మనకి తాగుడు మాత్రమే కాదు. ఆకలికాలంలో అది కడుపుకి ఆధారం, పండగలో దేవతకి మొదటి చుక్క. రంపలో మన్సబుదారు ఆ చెట్టుమీదే చిగురుపన్ను వేశాడు. దానిపైన తెల్లదొరల సర్కారు కల్లు ఆదాయాన్ని గుత్తదారులకి అప్పజెప్పి, ఇంటి వాడకానికి గీసుకోవడం కూడా తప్పంది. మన చెట్టు మనం గీసుకుంటే దొంగతనమైంది! ముత్తాదారుల గోడు, పోలీసుల జులుం, అప్పులోళ్ల కోర్టు దావాలు కూడా తోడయ్యాయి. 1879 మార్చిలో రంప మండింది. ఆ మంట మన గొలుగొండ కొండలకీ పాకింది. అణచడానికి మద్రాసు పటాలాలు రావాల్సొచ్చింది.

తర్వాత 1886లో మద్రాసు ఆబ్కారీ చట్టం వచ్చింది. లైసెన్సు లేకుండా సారా కాయడమే కాదు, కాయడానికి సామాను దగ్గర పెట్టుకోవడం కూడా నేరమైంది. అంటే మన కుండకే కేసు. 1968 ఎక్సైజ్ చట్టంలోనూ ఆ మాట ఉంది. ఆ బాయిలరుకీ అదే వర్తిస్తుంది, మర్చిపోవద్దు.

ఇక్కడ ఇంకో సంగతి. 1922 ఆగస్టు 22న చింతపల్లి స్టేషనుమీద దాడితో మొదలైన పోరాటానికి ముందు నుంచే అల్లూరి సీతారామరాజు మనవాళ్లకి తాగుడు మానమని చెప్పేవాడు, తగువులు పంచాయతీలో తీర్చుకోమనేవాడు. ఆయన సమాధి మన దగ్గర్లోని కృష్ణదేవిపేటలోనే ఉంది. ఒక తరం కల్లు హక్కుకోసం పోరాడింది, ఇంకో తరం మానమన్న నాయకుడి వెంట నడిచింది. రెండూ మనవే. రెండింట్లోనూ మన ఇంటి సంగతి బయటోడు తేల్చకూడదన్న పట్టుదల ఒకటే.

ఇక రాగి సంగతి. రాగికి వేడి త్వరగా ఎక్కుతుంది, అందుకే స్కాట్లాండ్‌లో విస్కీ బట్టీలు రాగివే. ఇంగ్లండులో బీరు కాచే పెద్ద పాత్రని కాపర్ అనే పిలుస్తారు. కానీ అవి ఆ పనికే చేసినవి, రోజూ కడిగేవి. మన చేతికొచ్చేది నీళ్ల బాయిలరు. పులిసిన ఇప్పపూల నీళ్లు పుల్లగా ఉంటాయి. పులుపు రాగిని కరిగిస్తుంది, చిలుము పట్టిస్తుంది. అమ్మమ్మలు కళాయి లేని రాగిగిన్నెలో చింతపండు పులుసు ఎందుకు పెట్టరో గుర్తుందా? పైగా పాత బాయిలరు అతుకుల్లో సీసం ఉండొచ్చు. ఎంత మరిగించినా సీసం పోదు. వాంతులు, కడుపునొప్పితో మొదలై నరాలదాకా పోయే విషం అది. అమెరికాలో దొంగచాటుగా పాత కారు రేడియేటర్లతో సారా కాసి తాగినవాళ్లకి ఈ సీసమే ప్రాణాంతకమైంది.

కాబట్టి మా మాట ఇది. హక్కు అడగడం వేరు, తుక్కు బాయిలర్లో విషం కాచుకోవడం వేరు. 1996 పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డు ప్రాంతాల్లో మత్తుపదార్థాల అమ్మకాన్ని, వాడకాన్ని నిషేధించే, నియంత్రించే అధికారం గ్రామసభకి ఉండాలి. 1879లో మన తాతలకి ఆ మాట చెప్పుకునే చోటే లేదు. మనకుంది. ఆ బాయిలరుని ముందు గ్రామసభలో పెట్టండి, పొయ్యిమీద కాదు. అక్కడ ఆడవాళ్లని ముందు మాట్లాడనివ్వండి, తాగుడు బరువు మోసేది వాళ్లే కదా.

మీ ఊళ్లో పెద్దలు ఏమంటున్నారో కింద రాయండి. రంప వీరులకి జోహార్.