ఇంటిలెక్క: సిద్దిపేట యెన్నికల చరిత్రలో నొక మఱుగుపడిన పుట

ఎన్నికల చరిత్ర వ్రాయువారు గెలిచినవారి పేరును, ఆధిక్యమును వ్రాసి కలము క్రింద పెట్టుదురు. ఎన్నికలనాడు బడిగదిలో బల్ల వేసికొని కూర్చుండి వోటరుల పేర్లు సరిచూచు మాబోటి ఉపాధ్యాయులకు మాత్ర మా చరిత్ర వేఱొక వైపునుండి కనబడును. మా కెదురుగా బల్లలపై ఆయా పక్షముల గ్రామకార్యకర్తలు ఏజెంట్లుగా కూర్చుందురు. గుమ్మమున నీడ పడినంతనే, నేను జాబితాలో పేరు వెదకకముందే, వారిలో నొకడు పుటసంఖ్యయు వరుససంఖ్యయు చెప్పివేయును. ఏ యింట నెన్ని వోట్లున్నవి, దుబాయి పోయిన కొడుకు వచ్చెనా లేదా, ఏ యన్నదమ్ములకు మాటలు లేవు, ఏ ముసలమ్మకు పింఛను నిలిచిపోయినది, ఎవని యప్పు ఎవరివద్ద నున్నది, ఇవి యన్నియు నతనికి కంఠపాఠము. దీనికి నేను ఇంటిలెక్క యని పేరు పెట్టుకొంటిని. సిద్దిపేట ప్రాంతపు రాజకీయమున కిదియే పునాది యని నా యభిప్రాయము. ఈ లెక్క యెట్లు పుట్టెను, ఏమేమి మేలు చేసెను, ఎక్కడ చెడెను అనునదియే యీ వ్యాసమునకు విషయము.

నిజాము పాలనలో మన మెదకు సీమయందు ప్రజలు సభ చేసికొనవలెనన్న సర్కారు అనుమతి కావలెను. గస్తీ నిషాన్ 53 అను ఉత్తరువు సభలకు సంకెల వేసినది. సభకు తావు లేనిచోట కార్యకర్త యేమి చేయును? గడప గడపకు నడచును. గ్రంథాలయమునకు పుస్తకము లడిగెడి మిషతో నొకయింటికి, పాఠశాలకు పిల్లలను పంపుడని చెప్పు మిషతో నింకొక యింటికి పోవును. 1930 లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను జరిగిన ప్రథమాంధ్రమహాసభ యిట్టి నడకల ఫలమే. దానితోపాటు నడింపల్లి సుందరమ్మగారి యధ్యక్షతను మహిళాసభయు జరిగినది. పురుషుల సభకు ప్రక్కనే స్త్రీల సభ పెట్టవలెనని నాటివారికి తోచుట చిన్న సంగతి కాదు. ఇంటిలోని సగము జనమును విడిచి యింటిని గెలువలేమని వా రెఱుగుదురు. ఆ యెఱుక తరువాతివారిలో నంతగా నిలువలేదు.

1952 లో తొలి సార్వత్రికయెన్నికలు వచ్చినవి. హైదరాబాదు రాష్ట్రమున కమ్యూనిస్టు పక్షముపై నిషేధ ముండుటచే నా పక్షమువారు పి.డి.ఎఫ్. అను కూటమి పేరున నిలిచిరి. 175 స్థానములలో కాంగ్రెసునకు 93, పి.డి.ఎఫ్. నకు 42 లభించినవి. సిద్దిపేటనుండి పి.డి.ఎఫ్. అభ్యర్థి ఎడ్ల గురువారెడ్డిగారు శాసనసభకు పోయిరి. మెదకు లోకసభస్థానమును అదే కూటమికి చెందిన డాక్టరు జయసూర్యగారు, సరోజినీదేవిగారి కుమారులు, గెలుచుకొనిరి. నాయకులలో పలువురు చెఱసాలలోనో యజ్ఞాతముననో యున్న కాలమది. పెద్ద సభలు, పత్రికలు, మోటారుబండ్లు చేయవలసిన పనిని బుఱ్ఱకథయు, కాలినడకయు చేసినవి. ఒక్కొక్క యభ్యర్థికి ఒక్కొక్క పెట్టె యుండెడిది. గుర్తు చూచి కాగితమును పెట్టెలో వేయుటయే వోటు. చదువురాని వోటరునకు గుర్తును ఇంటియొద్దనే నేర్పిరి. మాయూరి వృద్ధు లొకరు, ఆ దినములలో కార్యకర్తలు నేలపై బొగ్గుతో గుర్తు గీసి చూపెడివారని చెప్పగా నేను చిన్ననాట వింటిని.

ఆ యెన్నికలకు జాబితాలు తయారు చేయునప్పుడు దేశమున నొక విచిత్రము జరిగినది. వోటు హక్కు గల సుమారు 8 కోట్ల స్త్రీలలో 28 లక్షలమంది తమ పేరు చెప్పక, ఫలానావారి భార్య, ఫలానావారి కూతురు అని మాత్రము వ్రాయించుకొనిరి. పేరు లేనిదే వోటు లేదని యెన్నికల సంఘమువారు వారిని జాబితానుండి తొలగించిరి. వీరిలో నెక్కువమంది ఉత్తరదేశమువారు. తెలుగునేలలో నీ యిబ్బంది యంతగా లేకపోయినను, మన మూరక గర్వపడుటకు వీలులేదు. దాని సంగతి చివర మనవి చేసెదను.

ఇక సిద్దిపేటకు నిజముగా పేరు తెచ్చినవి ఉపయెన్నికలు. ఉపయెన్నిక యనగా ప్రభుత్వమును నిలుపుటకో కూల్చుటకో చాలని యెన్నిక. ఒక్క స్థానముతో తక్కెడ యేవైపునకును మొగ్గదు. అందుచేతనే దానిలో ప్రజల నడుగు ప్రశ్న వేఱుగా నుండును. 1967 లో నిచ్చట గెలిచిన వి.బి. రాజుగారి స్థానము ఖాళీ కాగా 1970 లో ఉపయెన్నిక వచ్చినది. దానికి ముందటి సంవత్సరమే ప్రత్యేక తెలంగాణోద్యమము పల్లె పల్లెకు ప్రాకియుండెను. మూడువందలకు మించిన ప్రాణములు పోయినవని జనులు చెప్పుకొందురు. బడులు మూతపడినవి, పిల్లలు చెఱసాలలకు పోయిరి. అట్టి తరుణమున తెలంగాణా ప్రజాసమితి తొలినాటి నాయకులలో నొకరైన అనంతుల మదనమోహన్‌గారు సిద్దిపేటలో నిలిచి గెలిచిరి. నాటి కార్యకర్త గడపలో నిలిచి అడిగినది రోడ్డు గుఱించి కాదు, బావి గుఱించి కాదు. "మనకు మన రాజ్యము వలెనా, వద్దా?" అని యొక్క మాట. చదువు లేని రైతునకు నిది తత్త్వవిచారమువంటి ప్రశ్న. దానికి అతడు వోటుతో జవాబు చెప్పెను. మఱు సంవత్సరము లోకసభ యెన్నికలలో తెలంగాణలోని 14 స్థానములలో 10 ప్రజాసమితికే దక్కినవి. వానిలో సిద్దిపేట యొకటి.

పిమ్మట జరిగినదానిని నేను తఱచు తలచుకొందును. 1971 సెప్టెంబరులో ప్రజాసమితి కాంగ్రెసులో విలీనమయ్యెను. ముఖ్యమంత్రి బ్రహ్మానందరెడ్డిగారు దిగిపోయి పి.వి. నరసింహారావుగారు వచ్చిరి. 1972 లో మదనమోహన్‌గారు కాంగ్రెసు అభ్యర్థిగా గెలిచిరి. విలీనము యుక్తమా అయుక్తమా యనుదానికి నాయకులకు వారి కారణము లుండవచ్చును. నేను తీర్పు చెప్పువాడను కాను. కాని 1970 లో నొక పతాకముతో గడప యెక్కిన గ్రామకార్యకర్త 1972 లో వేఱొక పతాకముతో అదే గడప నెక్కవలసివచ్చినప్పుడు వాని ముఖ మెట్లుండెనో యూహింపుడు. అడిగినవాడు వాడు, జవాబు విన్నవాడు వాడు. ఆ జవాబును ఏమి చేసితిరని యిల్లాలు అడిగినచో చెప్పవలసినవాడును వాడే. ఢిల్లీలోనో హైదరాబాదులోనో కుదిరిన యొప్పందమునకు పల్లెలో సంజాయిషీ చెప్పుకొనుట వాని వంతు. మన చరిత్రగ్రంథములలో ఈ మనుష్యునికి నొక్క వాక్యమైనను లేదు.

1983 సంగతి వేగముగా చెప్పి ముందుకు పోయెదను. నందమూరి తారకరామారావుగారి ప్రభంజనము రాష్ట్రమెల్ల కదల్చిన యా యేట సిద్దిపేటలో మదనమోహన్‌గారే నిలిచిరి. తెలుగుదేశము తరపున పోటీచేసిన కల్వకుంట్ల చంద్రశేఖరరావుగారు 877 వోట్ల తేడాతో నోడిరి. 877 అనగా పట్టణములో రెండు మూడు వీధుల జనము. ఇంత సన్నని యోటమియే ఇంటిలెక్క విలువను నేర్పును. 1985 మొదలుకొని అదే చంద్రశేఖరరావుగారు ఇచ్చట వరుసగా గెలిచిరి. దిగువ మానేరునుండి సిద్దిపేటకును చుట్టుపట్ల పల్లెలకును త్రాగునీరు తెచ్చిన పథక మా కాలపుదే. తరువాతి మిషన్ భగీరథకు నది నమూనా యైనది. బిందె చంకనెత్తుకొని మైళ్లు నడచిన యాడవారికి ఏ యుపన్యాసముకంటెను కొళాయి యెక్కువ మాటలాడును. దీనిని నేను ఎగతాళిగా ననుట లేదు.

2001 ఏప్రిలులో ఆయన ఉపసభాపతి పదవిని, శాసనసభ్యత్వమును, తెలుగుదేశమును విడిచి తెలంగాణ రాష్ట్ర సమితిని స్థాపించిరి. ఆ సెప్టెంబరులో జరిగిన ఉపయెన్నికలో 58,712 వోట్ల ఆధిక్యముతో గెలిచిరి. ముప్పదియొక్క సంవత్సరముల తరువాత అదే గడపలో అదే ప్రశ్న! 1970 లో జవాబు చెప్పినవారిలో పలువురు కాటికి పోయిరి, ఉన్నవారు "మల్ల అడుగుతున్రా?" యని నవ్విరట. 2004, 2008, 2010 లలో సిద్దిపేట మఱల మఱల ఉపయెన్నికలకు పోయినది; మూడుమాఱులును హరీశ్‌రావుగారే గెలిచిరి. 2008 లో సమితి రాజీనామాలు చేసి తిరిగి నిలిచిన పదునాఱు శాసనసభాస్థానములలో ఏడు మాత్రమే దక్కగా సిద్దిపేట చలింపలేదు. 2009 నవంబరులో నిరాహారదీక్షకు ఏర్పాటు చేసిన స్థలము ఈ పట్టణపు పొలిమేరయందలి రంగధాంపల్లి. 2010 జూలైలో పండ్రెండు స్థానములకు ఉపయెన్నికలు జరుగగా సమితికి పదునొకండు వచ్చినవి. నాడు కొన్ని నియోజకవర్గములలో అభ్యర్థులసంఖ్య 64 దాటునట్లు చేసి, యంత్రములు పనికిరాకుండ కాగితపు వోటునే రప్పించిరి. ఇంటిలెక్కను నమ్మినవారు యంత్రపులెక్కను నమ్మకుండుట గమనింపదగినది. 2014 జూన్ 2 న రాష్ట్ర మేర్పడినది.

ఇంతవరకు చెప్పినది ఇంటిలెక్క యొక్క వెలుగువైపు. ముసలమ్మను చేయిపట్టుకొని నడిపించుకొని వచ్చువాడు, జాబితాలో పేరు తప్పిపోయిన కోడలికి ఫారము నింపించువాడు, ఎవరింట దీపము వెలుగలేదో యెఱిగినవాడు కార్యకర్తయే. కాని యే లెక్క ముసలమ్మను తీసికొనివచ్చునో ఆ లెక్కయే రాత్రివేళ కవరును సరిగా ఆ యింటికే చేర్చును. ఇంట నాలుగు వోట్లున్నచో నలుగురి సొమ్ము. అనుమానమున్నచో రెండు వోట్ల సొమ్ము. సీసా యెవరికి, చీర యెవరికి అనునదియు అదే పుస్తకములో నుండును. ఇది మన దేశపు జాడ్యమని తలవంచుకొన బనిలేదు. అమెరికా పితామహుడనిపించుకొన్న వాషింగ్టన్ 1758 లో వర్జీనియా సభకు నిలిచినప్పుడు వోటరులకు వందకు మించిన గ్యాలనుల మద్యము పోయించెను. ఇంగ్లండులో 1872 వఱకు వోటు బహిరంగమే. భూస్వామి చూచుచుండగా కౌలుదారు నోరువిప్పి పేరు చెప్పవలసినదే. ఆ యేట రహస్యవోటును, 1883 లో ఖర్చునకు కట్టుబాటును చట్టముచేసి వారు కొంత బాగుపడిరి. మనకును 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టమున లంచ మవినీతియని స్పష్టముగా నున్నది. చట్టము పుస్తకములో నుండును. ఇంటిలెక్క జేబులో నుండును.

ఈ సందర్భమున నొక సూక్ష్మవిషయమును చదువరులు గమనింప ప్రార్థన. కాగితపు వోట్లకాలమున పలుచోట్ల పెట్టెలనుండి తీసిన కాగితములను కలగలిపి లెక్కించు పద్ధతి యుండెను. ఏ పల్లె యెవరికి వేసెనో తేలెడిది కాదు. యంత్రములు వచ్చిన పిదప ఒక్కొక్క కేంద్రపు లెక్క వేఱుగా బయటపడుచున్నది. వేయిమంది వోటరులుండు పల్లె తన రహస్యమును కోల్పోయినది. ఇంటింటి సంగతి తెలిసిన కార్యకర్త ఆ యంకెను ముందు పెట్టుకొని యే వీధి తప్పినదో ఒక్క గడియలో చెప్పగలడు. అటుపై ఆ వీధికి మురుగుకాలువ ఆలస్యమైన నెవరిని అడుగవలెను? యంత్రములను జతచేసి మొత్తము మాత్రము చూపు సాధనము నుపయోగింపవలెనని ఎన్నికల సంఘమువారు 2008 లో ప్రతిపాదించిరి. 2015 లో న్యాయసంఘమువారును సమర్థించిరి. కేంద్రప్రభుత్వ మందుల కంగీకరింపలేదు. పార్టీలు పల్లెబలము తెలిసికొనవలెనుగదా యని వాదించువారున్నారు. పార్టీలకు తెలియవలసిన యవసరము హెచ్చా, కౌలురైతు నిర్భయముగా వోటు వేయవలసిన యవసరము హెచ్చా యన్నచో నాకు సందేహము లేదు.

2020 నవంబరులో జిల్లాలోని దుబ్బాకలో శాసనసభ్యుని మరణముచే ఉపయెన్నిక వచ్చినది; ఫలితము వేయివోట్లకు కాస్త మించిన తేడాతో తేలి, భాజపా యభ్యర్థి రఘునందన్‌రావుగారు గెలిచిరి. మహమ్మారి దినములు గావున ముఖములకు గుడ్డలు. ముఖము చూచి పేరు చెప్పగల యేజెంట్లును నాడు తడబడిరని అచట పనిచేసిన మిత్రులు చెప్పిరి. ఇప్పుడు కొన్ని పక్షములు జాబితాలోని ఒక్కొక్క పుటకు ఒక్కొక్క కార్యకర్తను నియమించుచున్నవి. పుటకు ముప్పది పేర్లన్నచో ఏడెనిమిది యిండ్లు. ఒక యువకునికి ఏడెనిమిది యిండ్ల యోగక్షేమములు! అది సేవయగునా, కావలియగునా యనునది ఆ యువకుని చేతిలో నున్నది. వానిని పంపినవారి చేతిలో నంతకంటె నెక్కువగా నున్నది.

స్త్రీల పేర్ల సంగతి చెప్పెదనంటిని. 2023 నవంబరు 30 న శాసనసభ యెన్నికలలో నేనొక పల్లెబడిలో పనిచేయుచుంటిని. మధ్యాహ్నము ఎండలో నొక వృద్ధురాలు వచ్చినది. ఏజెంటు అలవాటుచొప్పున పుట చూడకయే, ఆమె భర్త పేరు చెప్పి, "ఆయన పెండ్లాము, సారూ" అనెను. ఆ భర్త గతించి యిరువది యేండ్లయినదని తరువాత తెలిసినది. ఆమె నావైపు తిరిగి, "అండ్ల నా పేరు రాసి లేదా బిడ్డా?" యని యడిగినది. ఉన్నదంటిని. "మల్ల గట్టిగ సదువు, ఈనకు ఇనబడాలె" అనెను. చదివితిని. ఏజెంటు తల వంచుకొని తన కాగితములో పెన్సిలుతో నేదో వ్రాసికొనెను. ఆమె సిరాకొఱకు ఎడమచేతి వ్రేలు చాచినది.