డర్హాం నగరము: ఆర్థికస్థితి, జనజీవనము

డర్హాం అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఉత్తర కెరొలైనా రాష్ట్రమందలి మధ్యస్థమైన నగరము. 1990లో 1,36,611గా నుండిన దీని జనసంఖ్య 2020 నాటికి 2,83,506కు పెరిగినది. ఐరోపీయుల రాకకు పూర్వము ఈ ప్రాంతమున ఈనో, ఆక్నీచీ తెగలవారు నివసించిరి. 19వ శతాబ్ది నడుమ బార్ట్‌లెట్ డర్హాం అను వైద్యుడు రైలుస్టేషనుకై భూమి నిచ్చుటచే ఊరికి ఆతని పేరు వచ్చినది.

నగరమునకు సంపదను దెచ్చినది పొగాకు. 1865 ఏప్రిల్‌లో, అంతర్యుద్ధము ముగియు వేళ, సమీపమందలి బెనెట్ అను రైతు ఇంట సేనానులు షెర్మన్, జాన్‌స్టన్ సంధి మాటలాడుచుండగా, సిపాయిలు ఊరిలోని జాన్ గ్రీన్ పొగాకు కర్మాగారమును దోచుకొనిరి. ఇండ్లకు మరలిన పిదప ఆ పొగాకునే పంపుడని జాబులు వ్రాయసాగిరి. దోపిడియే ఉచిత ప్రకటన యైనది! గ్రీన్ తన సరకునకు ఎద్దుబొమ్మను గుర్తుగా నిలుపుటచే డర్హాంకు ‘బుల్ సిటీ’ యను పేరు నేటికిని నిలిచియున్నది. పొగ తగులనీయక, గొట్టముల వేడిచే బ్యారన్లలో ఆకును పసుపుపచ్చగా పండించు అచటి పద్ధతి గుంటూరు, ప్రకాశం జిల్లాల వర్జీనియా పొగాకు రైతులకు సుపరిచితమే.

యుద్ధమునుండి రిక్తహస్తములతో తిరిగివచ్చిన వాషింగ్టన్ డ్యూక్ అను రైతు కుటుంబము ఈ వ్యాపారమును ప్రపంచవ్యాప్తము గావించినది. చేతితో చుట్టువాడు దినమునకు రెండు మూడు వేల సిగరెట్లకు మించి చుట్టలేని కాలమున, ఆతని కుమారుడు జేమ్స్ 1884లో నెలకొల్పిన బాన్‌సాక్ యంత్రము లక్షకు పైగా చుట్టివైచెను. 1890లో అమెరికన్ టొబాకో కంపెనీ ఏర్పడినది. 1911లో సుప్రీం కోర్టు దాని గుత్తాధిపత్యమును ఛేదించినది. 1924లో జేమ్స్ నాలుగు కోట్ల డాలర్ల నిధి నేర్పరుపగా, ట్రినిటీ కళాశాల డ్యూక్ విశ్వవిద్యాలయ మైనది.

కర్మాగారములలో వర్ణభేదమే పనిభేదము. దుమ్ములో కూర్చుండి ఆకు ఈనెలు తీయు పని నల్లజాతి స్త్రీలది. సిగరెట్ యంత్రముల చెంత పని తెల్లవారిది. అయినను ఆ నల్లజాతివారే ప్రశంసనీయమైన ఆర్థికవ్యవస్థ నొకదానిని నిర్మించుకొనిరి. దాస్యమున జన్మించి, డ్యూకులకు క్షౌరము చేయుచు ధనమార్జించిన జాన్ మెరిక్, వైద్యుడు ఆరన్ మూర్ మొదలగువారు 1898లో నార్త్ కెరొలైనా మ్యూచువల్ అను జీవితబీమా సంస్థను స్థాపించిరి. 1908లో మెకానిక్స్ అండ్ ఫార్మర్స్ బ్యాంకు తలుపులు తెరచెను. వీనికి నెలవైన పారిష్ వీధిని ‘నల్లవారి వాల్‌స్ట్రీట్’ అనిరి. వారి నివాసమైన హేటై పేట అంగళ్లతో, చర్చీలతో కళకళలాడినది. 1960 తరువాత పట్టణ పునర్నిర్మాణము పేరిట ఆ పేటను చాలవరకు పడగొట్టి రహదారి వేసిరి. కట్టి యిత్తుమన్న ఇండ్లును, అంగళ్లును చాలవరకు మాటగనే మిగిలెను.

1959లో మూడు విశ్వవిద్యాలయముల నడుమ పరిశోధన సంస్థలకై రిసర్చ్ ట్రయాంగిల్ పార్కు వెలసినది. 1965లో ఐబీఎం వచ్చుటతో దానికి బలము చేకూరెను. 1988లో నోబెల్ బహుమతి పొందిన గెర్ట్రూడ్ ఎలియన్ ఇచటి ఔషధ సంస్థలో పనిచేసిన విదుషి. ఈ పార్కులోని ఉద్యోగములే తెలుగు కుటుంబములను గూడ డర్హాంకును, పొరుగున నున్న కేరీ, మోరిస్‌విల్ పట్టణములకును రప్పించినవి.

1987లో అమెరికన్ టొబాకో కర్మాగారము మూతపడెను. 2004లో ఆ యిటుకకట్టడములు కార్యాలయములుగ, భోజనశాలలుగ తెరువబడినవి; ‘లక్కీ స్ట్రైక్’ అను సిగరెట్ పేరు గల పొగగొట్టము మాత్రము నేటికిని నిలిచియున్నది, దాని క్రింద ఈనెలు తీయువారు లేరు. డ్యూక్ విశ్వవిద్యాలయమును, దాని ఆసుపత్రియును నేడు నగరమునకు ప్రధాన జీవనాధారములు. విద్యావంతుల రాకతో అద్దెలు పెరిగి, పాత పేటలలోని శ్రామికకుటుంబములు దూరమునకు తరలుచున్నవి. రాష్ట్ర కనీస వేతనము 2009 నుండి గంటకు 7.25 డాలర్లే, అద్దెలకు హద్దు విధించుటకు నగరపాలకులకు రాష్ట్రచట్టము అధికార మీయదు. ఇరుగుపొరుగు నగరములను కలుపదలచిన తేలికరైలు పథకము 2019లో ఆగిపోయినది. ఆ యేడే అందుబాటు ధరల గృహములకై 9.5 కోట్ల డాలర్ల ఋణపత్రములకు నగర ఓటర్లు సమ్మతించిరి.